లడాయి బండి సప్పుడు

లడాయి బండిని రెండు జతల ఎడ్లు లాక్కొస్తుంటే తాండూరు బజారంతా దుకాణాలు వదిలి బయటికొచ్చి చూసింది. చూడదా మరి! వానాకాలంలో బండల గనుల దగ్గర ఎవరి లారీ బురదలో దిగబడినా గొలుసు కట్టి ఒడ్డుకీడ్చేది ఆ బండే. లడాయి, అంటే పెద్ద యుద్ధం, అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత సరుకు అది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక బండలు పట్టే తొట్టి, నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే బలం. ఇన్నేళ్లు అందరినీ లాగింది, ఇవాళ ఎడ్ల వెనక తలవంచుకుని వస్తోంది.

"ఏం మత్తయ్యా, పెట్రోలు మాన్పించి గడ్డి మేపుతున్నవా?" అని హోటలు అరుగు మీది నుంచి ఎవరో కేకేశారు.

"గడ్డే నయమన్నా, పొగ రాదు" అన్నాడు మత్తయ్య, స్టీరింగు వదలకుండానే.

నలుగురినీ నవ్వించాడే గాని అతని మనసు అక్కడ లేదు. ఇంజను లేకుండా నడిచే బండిలో కూర్చోవడం అతనికి ఇదే మొదలు. ఎన్నడూ వినని చప్పుళ్లన్నీ దారి పొడుగునా వినిపించాయి. ఎడ్ల గిట్టలు, తొట్టిలో నిలువుగా పేర్చిన బండల మధ్య చొప్ప నలుగుతున్న గరగర, జొన్నచేలలో పిట్టలు. నిద్రలో ప్రయాణం చేస్తున్నట్టు ఉంది. పొద్దున కోట్‌పల్లి దాటాక పెద్ద చప్పుడై, ఇంజను పక్కగోడ బద్దలు కొట్టుకుని లోపలి ఇనుపకడ్డీ ఒకటి బయటికొచ్చింది. నల్లటి నూనె రోడ్డు మీద మడుగు కట్టింది. ఆ మడుగు పక్కన నిలబడి అతను మొదట అనుకున్నది బండి పోయిందని కాదు, ఇవాళ కొండకు పోలేనని.

కొండంటే అనంతగిరి. వికారాబాదు పక్కన అడవి మధ్యలో క్షయ ఆస్పత్రి ఉన్న కొండ. అక్కడ కొత్త వార్డు కడుతున్నారు, దాని నేలకు తాండూరు బండలు పోతున్నాయి. పాత వార్డులో మత్తయ్య బిడ్డ భాగమ్మ ఉంది. నెలకొక ఆదివారం తప్ప లోపలికి పోనివ్వరు. బండల బండి కింది గేటు దాకానే. హారన్ కొట్టరాదని గేటుకు బోర్డు కూడా పెట్టారు. అయితే మాత్రం తండ్రీబిడ్డలు ఊరుకుంటారా? తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. బండి కొండెక్కడం వినగానే భాగమ్మ మంచం దిగి, వరండా కటకటాల మీద పసుపురంగు తువ్వాల ఆరేస్తుంది. తువ్వాల ఉందంటే ఆ రోజు బిడ్డ తన కాళ్ల మీద తాను అక్కడి దాకా నడిచిందన్నమాట. మత్తయ్య కింద బండలు దించుతూ మాటిమాటికీ తలెత్తి దాన్ని చూసుకునేవాడు. మళ్లీ వచ్చేదాకా ఆ పసుపురంగు కళ్లలోనే ఉండేది.

ఊరికే లేవవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కలప లారీలు, సర్కారు లారీలు రోజూ ఆ కొండెక్కుతూనే ఉంటాయి. వాటికి భాగమ్మ కదలదు. అవన్నీ డీజిలువి. పెట్రోలు ఇంజనుతో ఎక్కేది లడాయి బండి ఒక్కటే. మూడో మూలమలుపు దగ్గర కాస్త చదును ఉంది. చెట్ల సందులోంచి వార్డు పెంకుల కప్పు మొదటిసారి కనిపించేది కూడా అక్కడే. మత్తయ్య అక్కడ గేరు మార్చి, పైకెక్కేవాడు. తన బండి గొణుగుడు అడవిలో మెల్లమెల్లగా పాకిపోయి బిడ్డ చెవిలో పడుతోందని తలచుకోవడమే అతనికి కల లాంటి సుఖం.

ఇప్పుడు ఆ గొంతే పోయింది.

*

మెకానిక్ ఖాజామియా షెడ్డు తాండూరు స్టేషను రోడ్డులో ఉంది. ఎడ్లు బండిని లోపలికి లాగేసరికి బండి యజమాని శంకరమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చేసింది. బండల డిపో ఆమెదే. కొనడానికి వచ్చినవాళ్లు ఆమెను చూసి ముందు భయపడతారు, ఆ తరువాత బేరం మొదలుపెడతారు.

ఖాజామియా బానెట్ ఎత్తి లోపలికి వంగి చూశాడు. పగిలిన చోట వేలు పెట్టి, నూనె వాసన చూసి, చెయ్యి తుడుచుకున్నాడు.

"అతుకు పెట్టినా నిలువదమ్మా. ఇంజనే మార్చాలె. గిసొంటిదే పెట్రోల్ ఇంజన్ ఒకటి వికారాబాదుల కబాడీ దుకాణంల ఉన్నదట. లేకుంటె నా కాడ డీజిల్‌ది ఉన్నది. బోల్తా కొట్టిన లారీది. ఇంజన్‌కు దెబ్బ తాకలే, మస్తు బలం."

"నోడప్పా మత్తయ్యా" అంది శంకరమ్మ. కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఆమె నోట కన్నడమే ముందు వస్తుంది. "నాకు బండల ముచ్చట తెలుసు, ఇంజన్ల ముచ్చట తెల్వది. నడిపేటోడివి నువ్వు. రెండు సూసిరా. నువ్వు ఏదంటె గదే బిగిస్తం."

"నన్ను ఎంచమంటవా అమ్మా?"

"మరి ఖాజామియాను అడిగితె ఆయన తన కాడున్నదే మంచిదంటడు గద!"

ఖాజామియా గడ్డం గోక్కుంటూ నవ్వాడు. కాదనలేదు.

అలా నమ్మి వదిలేసిపోతే మనిషికి బరువెక్కుతుంది. ఆమె ఏదో ఒకటి ఖాయం చేసి ఉంటే, తిట్టుకుంటూ నడుపుకునేవాడు. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

మర్నాడు ఖాజామియా డీజిలు ఇంజనును దుంగల మీద నిలబెట్టి, మోకులతో బిగించి, పైన వేలాడదీసిన డబ్బాలోంచి గొట్టంతో నూనె అందించి నడిపించాడు. అది మొదట దగ్గింది. తరువాత టుకటుకమని అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. బల్ల మీది చాయ్ గ్లాసు తనంతట తాను జరుగుతూ అంచు దాకా పోయింది. మత్తయ్య చెయ్యి చాపి పట్టుకున్నాడు.

"సూడు, గీ బలం సూడు! తొట్టి నింపుకోని కొండెక్కినా అలువది" అని చెవి దగ్గర అరిచాడు ఖాజామియా.

మత్తయ్య పొడుగాటి ఇనుపకడ్డీ తీసుకుని, ఒక కొన ఇంజనుకు ఆనించి రెండో కొన చెవికి ఆనించుకున్నాడు. ఒక్కొక్క చోటా ఆపి ఆపి విన్నాడు. లోపల ఎక్కడా తప్పుడు చప్పుడు లేదు. మంచి ఇంజను. అంత మంచిగా ఉండకపోతే బాగుండునని అనిపించింది.

అంతలో గోవిందమ్మ అనే ఆమె జొన్నల గంప నెత్తిన పెట్టుకుని షెడ్డు ముందుకొచ్చి నిలబడింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు, చంకల్లో మూటలతో.

"గిర్ని గీడికెప్పుడొచ్చె? మొదలు నాయి పట్టుండ్రి. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన."

"గిర్ని కాదమ్మా, మోటరు ఇంజన్!"

"మోటరయితె గిర్ని లెక్క ఎందుకు మొత్తుకుంటున్నది?"

"డీజిల్ ఇంజన్ గట్లనే మొత్తుకుంటది!"

"మొత్తుకునుడు గట్లనే ఉంటె పిండి గూడ గట్లనే పట్టాలె గద" అంది గోవిందమ్మ, గంప దించకుండానే. ఖాజామియా ఇంజను ఆపి, రెండు చేతులూ జోడించి, ముగ్గురినీ సాగనంపేసరికి చెమటలు పట్టాయి.

మత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. పిండి గిర్నీకీ దీనికీ తేడా ఈ ఊళ్లోవాళ్లకే తెలియలేదు. ఇక లారీకీ లారీకీ తేడా కొండ మీద మంచంలో పడుకున్న పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఇంటికి పోయి భార్య మొగులమ్మతో ఆ మాటే అన్నాడు. ఆమె రొట్టె చరుస్తూ విన్నది.

"నెలాఖరు ఐతారం పోతం గద. సప్పుడు మారిందని బిడ్డకు చెప్పరాదు?"

"చెప్తె ఏమైతదే? గిప్పుడు ఒక్క బండికే లేస్తున్నది. గప్పుడు వచ్చిన ప్రతి లారీకి లేవాల్సొస్తది. లేవద్దనే గద పండవెట్టిన్రు."

"ఇగ లేవకుంటె?"

"లేవకుంటె తువ్వాల కనవడదు. బిడ్డ వినలేదా, లేవలేకపాయెనా? కిందున్నోనికి నాకెట్ల తెలుస్తది?"

పెనం మీది రొట్టె మాడుతున్నా ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

*

వికారాబాదులో రైలు దిగి, స్టేషను వెనక పాత ఇనుప సామాన్ల కబాడీ దుకాణం వెతుక్కుంటూ పోయాడు. ఆ పెట్రోలు ఇంజను వేపచెట్టు కింద గోనెపట్టాలు కప్పుకుని ఉంది. దుకాణందారు పట్టాలు లాగేసి, హ్యాండిలు దూర్చి తిప్పాడు. రెండుసార్లు మొరాయించి, మూడోసారి అందుకుంది.

మత్తయ్య కళ్లు మూసుకున్నాడు.

అదే గొంతు. చిన్నగా సవరించుకుని, తరువాత ఒకే తీరుగా సాగే గొంతు. వేపచెట్టు లేదు, ఇనుప తుక్కు లేదు. తడిసిన టేకాకుల వాసన వచ్చింది. మొదటి మలుపులో కోతులు దారి వదిలి పక్కకు జరిగాయి. రెండో మలుపులో మంచు అద్దానికి అంటుకుంది. మూడో మలుపులో చెట్లు విడిపోయాయి, ఎర్రటి పెంకుల కప్పు కనిపించింది. దాని కింద ఎక్కడో పిల్ల దుప్పటి తీసి, నేల మీద పాదం పెట్టింది. మత్తయ్య కళ్లు తడిశాయి. అలా ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు.

"పాతదైనా పాట సూడన్నా" అన్నాడు కబాడీ ఆయన.

ఆ మాటకు తెప్పరిల్లి, అలవాటు కొద్దీ అక్కడున్న ఇనుపకడ్డీ ఒకటి తీసి చెవికి ఆనించుకున్నాడు. ఆనించుకోకపోయినా బాగుండేది. పాట అడుగున ఏదో కొట్టుకుంటోంది. మెత్తగా, విడవకుండా, తలుపు తట్టినట్టు. పొగలో నీలిరంగు ఉంది. ఖాళీ బండిని అయితే లాగుతుంది. తొట్టి నిండా బండలు వేసుకుని కొండెక్కితే ఒక్క వానాకాలం కూడా ఆగదు.

"లోపల కొట్టుకుంటున్నదన్నా."

"చిక్కటి నూనె పోస్తె ఊకుంటది. మీ యజమానమ్మకు ఏం తెలుస్తది?"

నిజమే. శంకరమ్మకు తెలియదు. ఇంజన్ల ముచ్చట తెలియదని ఆమే చెప్పింది. మత్తయ్య బయటికొచ్చి, స్టేషను వైపు పోవాల్సినవాడు కొండ దారి పట్టాడు.

నడిచి ఎక్కితే ఆ దారి ఎంత పొడుగో అతనికి ఇన్నాళ్లూ తెలియదు. కింది గేటు దగ్గర రాతి మీద కూర్చుని పైకి చూశాడు. వరండా కటకటాలు ఖాళీగా ఉన్నాయి. బండి రాలేదు కాబట్టి తువ్వాల లేదు, అంతే. అని చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు. లోపల దగ్గుతోందేమో, జ్వరం తిరగబెట్టిందేమో. సర్కారు లారీ ఒకటి అరుచుకుంటూ వచ్చి, అతని ముందు నుంచే గేటు దాటి పోయింది. కటకటాల దగ్గరికి ఎవరూ రాలేదు. ఇక మీదట ప్రతిసారీ ఇంతేనా? ఈ ఖాళీ కటకటాలను చూసి, ఏమీ తెలియకుండా దిగిపోవాలా? ఆ రాతి మీది నుంచి లేచేటప్పుడు మత్తయ్య ఖాయం చేసుకున్నాడు. పెట్రోలుదే. కొట్టుకుంటే కొట్టుకోనీ. రోజూ నూనె పోసుకుంటాను, చంటిబిడ్డను సాకినట్టు సాకుతాను.

*

డిపోలో శంకరమ్మ బండలు ఎంచుతోంది. హమాలీలు ఒక్కొక్క బండను నిలబెట్టి పట్టుకుంటే, ఆమె చిన్న సుత్తితో మెల్లగా కొట్టి, తల పక్కకు వంచి వింటుంది. గల్లుమంటే మంచి బండ. మొద్దుగా పలికితే కంటికి కనబడని పగులేదో లోపల ఉన్నట్టు.

మత్తయ్య చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. అమ్మా, పెట్రోలుదే మంచిగున్నది. చిన్న మాటే.

నున్నగా, నీళ్ల రంగులో మెరుస్తున్న బండ ఒకటి ముందుకు వచ్చింది. శంకరమ్మ కొట్టింది. ఇంకో చోట కొట్టింది. కళ్లు మూసుకుని మళ్లీ కొట్టింది.

"పక్కకు పెట్టుండ్రి."

"మస్తు మంచిగున్నదమ్మా" అన్నాడు హమాలీ. "కొనేటోనికి ఏం తెలుస్తది?"

"ఆయనకు తెల్వది. నాకు వినవడ్డది గద" అంది శంకరమ్మ, సుత్తిని తరువాతి బండకు తీసుకుపోతూ. అదేమంత పెద్ద మాటలా కూడా అనలేదు. హమాలీ గొణుక్కుంటూ బండను గోడ పక్కకు చేర్చాడు.

మత్తయ్య మొహం వేడెక్కింది. తన చెవిలో ఆ తట్టుడు ఇంకా మోగుతూనే ఉంది. మెత్తగా, విడవకుండా.

"ఏమంటవ్ మత్తయ్యా? మన పాతదాని అసొంటిది దొరికిందా?"

"దొరికిందమ్మా" అన్నాడు. "మంచిగ పలుకుతది. కని లోపల పగులున్నది. డీజిల్‌దే బిగిద్దాం."

"మరి నీ మొఖమెందుకు గట్లున్నది?"

"ఏం లేదు. పాత సప్పుడు అలవాటయింది."

"సప్పుడుదేమున్నదప్పా! బండి నడవాలె గని" అని నవ్వింది శంకరమ్మ. మత్తయ్య కూడా నవ్వాలని చూశాడు, చేతకాలేదు. గోడ పక్కన నిలబెట్టిన ఆ నున్నటి బండను ఒకసారి అరచేత్తో నిమిరి వెళ్లిపోయాడు.

*

డీజిలు ఇంజను బరువుకు ముందు కమాన్లకు ఇంకో పట్టీ వేయాల్సి వచ్చింది. దాన్ని నిలబెట్టే దిమ్మలు కొత్తగా పోతపోయించారు. గేరుపెట్టె మాత్రం పాతదే. ఖాజామియా దాన్ని విప్పి, పళ్లన్నీ కడిగి, కొత్త నూనె పోసి, "ఎన్నపూస లెక్క పడతది గేరు, సూడు" అని మురిసిపోయాడు. మొదటి ట్రిప్పుకు తను కూడా వస్తానని పక్కన ఎక్కి కూర్చున్నాడు. పెళ్లికూతురిని అత్తగారింట దిగబెట్టే తండ్రిలా ఉంది ఆయన వాలకం.

తొట్టి నిండా బండలు. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి చూశారు. ఒకచోట ముసలమ్మ ఒకామె మూట కూడా తెచ్చింది. ఖాజామియా అటు తిరగలేదు.

కొండ మొదలైంది. అంతకు ముందు రోజు వాన పడి మంచు కిందికి దిగి ఉంది. బండి ఆ మంచులోకి తల దూర్చి, అలవకుండా, ఆయాసపడకుండా ఎక్కుతోంది. మొదటి మలుపు. రెండో మలుపు. ఎంత బలమో! ఆ బలం అతనికి సంతోషం ఇవ్వలేదు. చెట్లన్నీ పరాయి చెట్లలా ఉన్నాయి, ఎవరిదో బండిలో ఎవరో తనను తీసుకుపోతున్నట్టుంది. మూడో మలుపులో చదును రాగానే చెట్లు విడిపోయాయి. మంచులో పెంకుల కప్పు ఉందా లేదా అన్నట్టు కనిపించింది. మత్తయ్య కళ్లు అటు పోయాయి. చెయ్యి తనకు తెలియకుండానే గేరు మీదికి పోయింది. క్లచ్చి తొక్కి గేరు విడిచాడు. ఇంజను అరుపు ఒక్కసారిగా అణిగింది. ఆకుల మీంచి నీటి బొట్లు రాలడం వినిపించింది. కప్పును చూస్తూ ఒక్క ఊపిరి పీల్చేంతసేపు ఉండి, మళ్లీ క్లచ్చి తొక్కి, కింది గేరు వేసి ఎక్కించాడు.

"అరే, గాడ గేరెందుకు మార్చినవ్?" అని ఖాజామియా దాదాపు ఏడ్చినంత పని చేశాడు. "అదే గేర్ల నిమ్మలంగ ఎక్కుతుండె గద! గీ ఇంజన్‌కు గా పనే లేదు. పాత అలవాట్లు మాను మత్తన్నా."

"మానుత ఖాజాభాయ్" అన్నాడు మత్తయ్య.

గేటు దగ్గర బండి ఆపి, దిగి, చూడదలచుకోలేదు. నేల మీదే చూపు పెట్టి వెనక్కి పోయి తొట్టి తలుపు గొలుసు విప్పాడు. చొప్ప లాగాడు. మొదటి బండ అంచు కింద భుజం పెట్టాడు. బరువెత్తేటప్పుడు మెడ దానంతట అదే పైకి లేస్తుంది కదా, లేచింది.

కటకటాల మీద పసుపురంగు తువ్వాల ఉంది.

ఇప్పుడే వేసినట్టు ఒక కొన ఇంకా ఊగుతోంది. మత్తయ్య భుజం మీద బండతో అలాగే ఉండిపోయాడు. "దించుతవా, నా కాలు మీదేస్తవా?" అని అవతలి కొన పట్టుకున్న ఖాజామియా అరుస్తున్నాడు. ఆ అరుపు ఎక్కడో దూరంగా, జొన్నచేల అవతలి నుంచి వినిపించింది.

*

ఆదివారం భాగమ్మ వార్డు ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. జడ గట్టిగా వేసుకుంది. బుగ్గల్లో కాస్త నిండుదనం వచ్చినట్టు మొగులమ్మకు తోచింది. అవునో కాదో మళ్లీ మళ్లీ చూసుకుంటూ, తెచ్చిన గుడ్లను గిన్నెలో సర్దుతోంది.

"వార్డుల అందరు గిర్ని వచ్చిందన్నరు నాయినా" అని నవ్వింది భాగమ్మ. "పక్క మంచం రాధమ్మవ్వ అయితె, అయ్యో జొన్నలు లేకపాయె అన్నది."

"మరి నీకెట్ల తెలిసింది బిడ్డా? ఇంజన్ మారింది గద. నా సప్పుడు పాయె గద."

భాగమ్మ తండ్రి వైపు వింతగా చూసింది.

"నేను సప్పుడుకు లేస్తనా? సప్పుడు ఆగితె లేస్త. లారీలన్ని మూడో మూల కాడ ఒక్క తీరుగ మొత్తుకుంటనే వస్తయి. నువ్వొక్కనివే గాడ జర ఆపుతవ్. ఒక్క గడియ ఏం వినరాదు. గప్పుడు నేను మంచం దిగుత."

బెంచీ ముందు ఎండ చెట్ల ఆకుల్లోంచి పడి కదులుతోంది. వికారాబాదులో కళ్లు మూసుకుని విన్న ఆ పాట మత్తయ్యకు గుర్తొచ్చింది. దాని కోసం ఎంత పని చేయబోయాడు తను!

"గాడ ఎందుకాపుతవ్ నాయినా?" అని అడిగింది భాగమ్మ.

మత్తయ్య తలెత్తి పెంకుల కప్పును చూశాడు. ఇంత దగ్గర నుంచి అది అంత ఎర్రగా లేదు, అక్కడక్కడా నాచు పట్టి ఉంది.

"గేరు జర గట్టిగున్నది బిడ్డా" అన్నాడు.